ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఎక్స్‌పాన్షన్లు: ఏళ్ళ తరబడి ఆడాక ఏవి డబ్బులకి న్యాయం చేశాయి

ఎక్స్‌పాన్షన్ ప్యాక్ (గేమ్ కొన్నాక విడిగా కొనుక్కునే అదనపు భాగం) వచ్చిన వారంలోనే రాసే రివ్యూల మీద నాకు పెద్దగా నమ్మకం లేదు. మిషన్లు ఎన్ని, కొత్త యూనిట్లు ఎన్ని, ఎన్ని గంటలు పడుతుంది అని లెక్కేసి రేటింగ్ ఇచ్చేస్తారు, కానీ రెండేళ్ళ తర్వాత అందులో ఏది ఇంకా ఆడుతుంటాం అనేది అప్పటికి ఎవరికీ తెలీదు కదా. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2ని, అంటే ఊరు కట్టి సైన్యం పెంచి యుద్ధం చేసే ఈ కంప్యూటర్ గేమ్‌ని, నేను సీడీల కాలం నుంచి ఆడుతున్నా, 2000లో వచ్చిన ది కాంకరర్స్ మొదలుకొని 2025లో వచ్చిన ది త్రీ కింగ్‌డమ్స్ దాకా చాలావరకు కొన్నా. ఇన్నేళ్ళకి నాకు మిగిలిన కొలత ఒక్కటే: ఆ ప్యాక్ తీసేస్తే పాత గేమ్ మళ్ళీ ఆడబుద్ధవుతుందా లేదా.

ఆ లెక్కన కాంకరర్స్‌కి పోటీయే లేదు. అజ్టెక్‌లు, మాయన్లు, హూణులు, స్పానిష్, కొరియన్లు అని 5 కొత్త సివిలైజేషన్లు (ఆడటానికి ఎంచుకునే జాతులు, పొట్టిగా సివ్స్) వచ్చాయి, అట్టిలా, ఎల్ సిడ్, మాంటెజుమా క్యాంపెయిన్లు (వరసగా ఆడే కథా మిషన్లు) వచ్చాయి, అవన్నీ బాక్స్ మీద రాసి ఉన్నవే. అసలు విలువ మాత్రం బాక్స్ చూసి ఎవరూ కొనని చిన్న చిన్న వాటిలో ఉంది. మిల్లు దగ్గర పొలాలు ముందే క్యూలో పెట్టుకోవడం, లంబర్ క్యాంప్ కట్టిన విలేజర్ (పనివాడు) మనం చెప్పకుండానే వెళ్ళి చెట్టు కొట్టడం, ర్యామ్ (గోడలు బద్దలుకొట్టే బండి) లోపల సైనికుల్ని ఎక్కించడం ఇవన్నీ దాంతోనే వచ్చాయి. హాల్బర్డియర్, హుస్సార్ అనే సైనికులు, గుర్రపు దళాల ప్రాణబలం పెంచే బ్లడ్‌లైన్స్, ప్రతి సివ్‌కీ సొంత యునీక్ టెక్ (ఆ సివ్‌కి మాత్రమే ఉండే అప్‌గ్రేడ్) కూడా అప్పుడొచ్చినవే. బ్లడ్‌లైన్స్ లేని నైట్‌ని (బలమైన గుర్రపు సైనికుణ్ణి) ఇప్పుడు ఊహించుకోండి, చేతకాదు. ఒక్కసారి అలవాటయ్యాక కాంకరర్స్ లేని ఏజ్ ఆఫ్ కింగ్స్‌కి (అసలు బేస్ గేమ్‌కి) నేను ఎప్పుడూ వెనక్కి వెళ్ళలేదు, నాతో ఆడేవాళ్ళు కూడా ఎవరూ వెళ్ళలేదు.

ఆ తర్వాత 13 ఏళ్ళు ఏమీ లేదు. 2013లో ఫ్యాన్స్ గేమ్‌ని సొంతంగా మార్చి చేసిన మోడ్‌నే ది ఫర్‌గాటెన్ పేరుతో అధికారిక ప్యాక్ చేశారు, ఆఫ్రికన్ కింగ్‌డమ్స్ 2015లో, రైజ్ ఆఫ్ ది రాజాస్ 2016లో వచ్చాయి. ఇవన్నీ తర్వాత 2019లో మెరుగుపరిచి మళ్ళీ విడుదల చేసిన డెఫినిటివ్ ఎడిషన్ బేస్ గేమ్‌లోనే కలిసిపోయాయి కాబట్టి విడిగా చెప్పడానికేం లేదు.

డెఫినిటివ్ ఎడిషన్ మీద వచ్చిన వాటి దగ్గరే అసలు తేడాలు కనిపిస్తాయి. 2021 జనవరిలో లార్డ్స్ ఆఫ్ ది వెస్ట్ వచ్చినప్పుడు రెండే సివ్స్ ఏంటి అని చాలామంది గొణిగారు, నాకూ తక్కువే అనిపించింది. క్యాంపెయిన్లు మూడూ బాగున్నాయి గానీ ఒకసారి అయిపోయాక మళ్ళీ ముట్టుకోలేదు, బర్గండియన్ల ఫ్లెమిష్ రెవల్యూషన్ (ఉన్న విలేజర్లందర్నీ ఒక్క దెబ్బకి సైనికులుగా మార్చేసేది) మొదట్లో సరదాగా ఉండి తర్వాత గేమ్ చివర్లో చిరాకు తెప్పించింది.

2022లో వచ్చిన డైనాస్టీస్ ఆఫ్ ఇండియా మాత్రం వేరే స్థాయి, నేను కొన్న కొత్త ప్యాకుల్లో నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. లెక్కకి చూస్తే 3 కొత్త సివ్స్, బెంగాలీలు, ద్రవిడియన్లు, గుర్జరలు, అప్పటిదాకా ఇండియన్స్ అని ఒకే ముద్దలా ఉన్నది హిందుస్తానీస్ అయింది. మన దేశం మొత్తాన్ని ఒక్క సివ్‌లో కుక్కేశారన్న బాధ నాకు ఫర్‌గాటెన్ నాటి నుంచే ఉండేది, అది తీరింది. రాజేంద్ర చోళుడి క్యాంపెయిన్ చూసి నిజంగా సంతోషమేసింది. సరే, అభిమానం పక్కన పెట్టినా ఇది ఆట ఆడే పద్ధతినే మార్చింది. ఈ నాలుగు సివ్స్‌కీ నైట్స్ లేరు, మామూలు ర్యామ్ బదులు ఆర్మర్డ్ ఏనుగులు, గుర్జరలైతే గొర్రెల్ని మిల్లులో పెట్టి వాటినుంచి ఫుడ్ రాబట్టుకోవచ్చు, ద్రవిడియన్లకి కొత్త ఏజ్‌కి (తర్వాతి దశకి) చేరిన ప్రతిసారీ 200 కలప ఊరికే వస్తుంది. అంటే నేర్చుకున్న బిల్డ్ ఆర్డర్లు (ఏది ముందు, ఏది తర్వాత చేయాలనే వరస) మళ్ళీ మొదటినుంచి ఆలోచించాలి, ఎదుటివాడు ఇవి ఆడినా మనం మారాలి. ఇప్పటికీ వారానికోసారైనా ద్రవిడియన్లతో ఆడుతున్నా, అందుకే రేటు గురించి నాకు అసంతృప్తి లేదు.

విక్టర్స్ అండ్ వాంక్విష్డ్ (2024) దీనికి పూర్తిగా వ్యతిరేకం. 19 సినారియోలు, అంకె చూస్తే పెద్దది, కానీ కొత్త సివ్ ఒక్కటీ లేదు, చాలావరకు అంతకుముందు ఉచిత మోడ్స్‌గా ఉన్నవాటినే మెరుగుపరిచి ఇచ్చారు. పని శ్రద్ధగానే చేశారు, కాదనను. ఒంటరిగా ఆడేవాళ్ళకి బాగుంటుంది, మల్టీప్లేయర్ ఆడేవాళ్ళకి మాత్రం ఇందులో ఏమీ లేదు.

కథ కోసం కొనే ప్యాక్ అయితే ఈ కొలత కుదరదు, దానికి వేరే లెక్క. విచర్ 3 అనే కథా గేమ్‌కి 2015లో హార్ట్స్ ఆఫ్ స్టోన్, 2016లో బ్లడ్ అండ్ వైన్ వచ్చాయి. రెండోది చాలా పెద్దది, టూసాంట్ అనే కొత్త ప్రాంతం మొత్తం ఇచ్చారు, ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో బెస్ట్ ఆర్‌పీజీ (రోల్ ప్లేయింగ్ గేమ్) కూడా అదే గెలిచింది. అయినా ఇన్నేళ్ళకి నాకు ఎక్కువగా గుర్తొచ్చేది చిన్నదైన హార్ట్స్ ఆఫ్ స్టోనే, ఆ గాంటర్ ఓ డిమ్ పాత్ర వల్ల. గంటకి ఎంత పడింది అని లెక్కేసేవాళ్ళకి ఇది ఎలా చెప్పాలో అర్థం కాదు.

సివిలైజేషన్ 5 అనే వేరే స్ట్రాటజీ గేమ్ సంగతి ఇంకో రకం. గాడ్స్ అండ్ కింగ్స్ (2012), బ్రేవ్ న్యూ వరల్డ్ (2013) లేకుండా ఆ గేమ్ ఇప్పుడు ఆడలేం, మతం, ట్రేడ్ రూట్లు, ఐడియాలజీలు అన్నీ వాటిలోనే ఉన్నాయి. నా కొలత ప్రకారం ఫుల్ మార్కులు పడాలి, కానీ మతం అంతకుముందు సివిలైజేషన్ 4 బేస్ గేమ్‌లోనే ఉండేది, అక్కడ ఉన్నది తీసేసి తర్వాత ప్యాక్‌లో అమ్మినట్టయింది కాబట్టి నేను పూర్తి మార్కులు వేయను. ప్యాక్ గొప్పగా ఉండటం వేరు, బేస్ గేమ్ ఖాళీగా ఉండి ప్యాక్ గొప్పగా కనబడటం వేరు.

ఇంకో విషయం, డబ్బులిచ్చి కొన్నది మన దగ్గర ఉంటుందా లేదా. నేను ఆడిన ఒక ఆన్‌లైన్ షూటర్‌లో కొన్న ప్యాక్ క్యాంపెయిన్‌నే కొన్నాళ్ళకి గేమ్‌లోంచి తీసేశారు, మళ్ళీ ఆడదామంటే లేదు. కాంకరర్స్ సీడీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. విలువ గురించి మాట్లాడేటప్పుడు దీన్ని ఎవరూ లెక్కలో వేయరు, వేయాలి.

త్రీ కింగ్‌డమ్స్ మీద నా మనసు ఇంకా కుదరలేదు. 5 సివ్స్ ఇచ్చారు, జుర్చెన్లు, ఖితాన్లు ఈ గేమ్ కాలానికి చక్కగా సరిపోతారు, కానీ క్యాంపెయిన్లు మాత్రం వాళ్ళకి కాకుండా 3వ శతాబ్దం నాటి చైనా రాజ్యాలు షు, వెయ్, వులకి ఇచ్చారు, పైగా ఈ మూడింటికీ హీరో యూనిట్లు (మామూలు సైనికుల కంటే బలమైన ప్రత్యేక వీరులు). ఖితాన్లతో ఆట బాగుంది, హీరోలు మాత్రం నాకు నచ్చలేదు.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు డెఫినిటివ్ ఎడిషన్ ఒక్కటి కొని కొన్ని నెలలు ఆడండి, ప్యాక్ కొనకపోయినా ఆ సివ్స్ ఆడేవాళ్ళతో ఆడొచ్చు, బ్యాలెన్స్ ప్యాచ్‌లు (సివ్స్ బలాబలాల్ని సరిచేసే అప్‌డేట్లు) కూడా అందరికీ ఉచితంగానే వస్తాయి. ఎదుటివాడి చేతిలో ఏ సివ్ చూసి మనకీ ఆడాలనిపిస్తుందో ఆ ప్యాక్, అదీ సేల్‌లో పెట్టినప్పుడు, తీసుకుంటే చాలు.