టెరాఫార్మా, క్లౌడ్‌ఫార్మేషనా?

మాదాపూర్‌లో మా టీమ్‌కి కొత్త ప్రాజెక్టు వచ్చిన ప్రతిసారీ ఇదే పంచాయితీ. సర్వర్లు, నెట్‌వర్కులు కోడ్‌తో లేపడానికి ఏది వాడాలి?

క్లౌడ్‌ఫార్మేషన్ 2011 నుంచి ఉంది, అమెజాన్ క్లౌడ్ సేవ ఏడబ్ల్యూఎస్ సొంత సరుకు. ఏమేం సృష్టించిందో లెక్క అదే రాసుకుంటుంది. మధ్యలో ఏదైనా ఫెయిలైతే మామూలుగా తనే పాత స్థితికి వెళ్లిపోతుంది. ఆ వెనక్కి వెళ్లడం కూడా ఇరుక్కుందా, ఇక ఆ రాత్రికి చాయ్ ఫ్లాస్కు పక్కన పెట్టుకోవాల్సిందే.

2014లో వచ్చిన టెరాఫార్మ్ ఏడబ్ల్యూఎస్‌తో పాటు మైక్రోసాఫ్ట్ అజూర్, గూగుల్ క్లౌడ్‌లతోనూ పనిచేస్తుంది. నాకు నచ్చేది దాని ‘ప్లాన్’ కమాండ్: ఏదీ మార్చకముందే ఏమేం మారతాయో చూపిస్తుంది. ఒకసారి కోడ్‌లో డేటాబేస్ బ్లాకు పేరు మాత్రమే మార్చి ప్లాన్ కొట్టాను. కింద ‘1 యాడ్, 0 చేంజ్, 1 డిస్ట్రాయ్’ అని వచ్చింది, అంటే ఉన్న డేటాబేస్‌ని తీసేసి కొత్తది పెడతానంటోంది. గుండె ఆగినంత పనైంది. పాతదానికే పేరు మారిందని చెప్పే ‘మూవ్డ్’ బ్లాకు రాశాక సున్నాలు కనిపించాయి. (క్లౌడ్‌ఫార్మేషన్‌లోనూ ఇలా ముందే చూపించే చేంజ్ సెట్ ఉంది, చదవడమే విసుగు.)

కాకపోతే టెరాఫార్మ్ ఏమేం సృష్టించిందో లెక్క రాసుకునే స్టేట్ ఫైలుని మనమే కాపాడుకోవాలి. ఒక పాత ఆఫీసులో అది ఒకతని లాప్‌టాప్‌లోనే ఉండేది. అతను పెళ్లికని వరంగల్ వెళ్లాడు, ఇక్కడ ఇంకొకరు ఆ ఫైలు లేకుండానే అప్లై (మార్పులు నిజంగా చేసే కమాండ్) కొట్టారు, సర్వర్లన్నీ రెండేసి లేచాయి. దాన్ని అందరికీ అందేలా ఎస్3 బకెట్‌లో (ఏడబ్ల్యూఎస్ ఫైల్ స్టోరేజీ) పెట్టి, ఒకేసారి ఇద్దరు మార్చకుండా లాక్ వేస్తే ఈ తంటా ఉండదు.

ఇద్దరే ఉన్న టీమ్, ఏడబ్ల్యూఎస్ ఒక్కటే అయితే నేను క్లౌడ్‌ఫార్మేషనే అంటాను. మిగతా చోట్ల టెరాఫార్మ్. 2023లో మారిన టెరాఫార్మ్ లైసెన్సు ఇబ్బందైతే, దాని పాత కోడ్ నుంచి పుట్టిన ఓపెన్ సోర్స్ టూల్ ఓపెన్‌టోఫు ఉంది.

ఏది తీసుకున్నా, ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్ (డేటా సెంటర్లుండే ప్రాంతం) కోసం రాసిన కోడ్‌ని 2022లో మొదలైన హైదరాబాద్ రీజియన్‌కి మార్చేటప్పుడు ఏఎంఐ (సర్వర్ లేపే ఇమేజ్) నంబర్లు చూసుకోండి. ఒక్కో రీజియన్‌కి అవి వేరు.