అవుట్‌రన్: గేర్ వేయకముందే పాట ఎంచుకోవాలి

1986లో జపాన్ గేమ్ కంపెనీ సెగా ఆర్కేడ్‌లకు (కాయిన్ వేసి ఆడే వీడియో గేమ్ కేంద్రాలకు) తెచ్చిన కారు ఆట అవుట్‌రన్‌లో కాయిన్ వేస్తే ముందుగా కనిపించేది కారు రేడియో. స్టీరింగ్ తిప్పితే స్టేషన్ మారుతుంది, పాటా మారుతుంది. ఉన్నవి మూడే పాటలు: మ్యాజికల్ సౌండ్ షవర్, పాసింగ్ బ్రీజ్, స్ప్లాష్ వేవ్. ఏదో ఒకటి ఖాయం చేసుకున్నాకే రోడ్డెక్కుతాం. రూపకర్త యు సుజుకి దీన్ని రేసింగ్ గేమ్ అనరు, డ్రైవింగ్ గేమ్ అంటారు. ఆ తేడా ఈ రేడియో దగ్గరే తెలిసిపోతుంది.

పాటలు కట్టింది హిరోషి కవగుచి. సెగాలో ప్రోగ్రామర్‌గా చేరి సంగీతం వైపు వచ్చిన మనిషి. ఆయన చేసిన గొప్ప పని పాటల నిడివిలో ఉంది. ఆ కాలపు ఆర్కేడ్ ఆటల్లో చాలావాటికి చిన్న ముక్క తీసుకుని తిప్పి తిప్పి వాయించడమే పద్ధతి. ఇక్కడ ఒక్కో పాట ఐదు నిమిషాల పైచిలుకు. మొత్తం 15 స్టేజీలున్నా ఒక ఆటలో దాటేది ఐదే. గమ్యం దాకా వెళ్తే పట్టేదీ దాదాపు అంతే సమయం. అంటే రెండో స్టేజీలోనే టైమ్ అయిపోయేవాళ్లకు పాట మొదటి భాగమే వినిపిస్తుంది. ఆ తర్వాత మలుపు తిరిగే చరణాలు వినాలంటే చెక్‌పాయింట్లు (దాటితే ఆటకు అదనపు సమయం ఇచ్చే చోట్లు) దాటాల్సిందే. స్కోరు కంటే నాకు ఇదే పెద్ద బహుమతి.

స్టేజీ మారినా పాట తెగదు. తాటిచెట్ల తీరం పోయి ఎడారి వచ్చినా, దారి చీలిన చోట ఎడమకు (సులువు) తిప్పినా, కుడికి (కష్టం) తిప్పినా అదే రాగం సాగుతూ ఉంటుంది. గడియారం చివరి సెకన్లకు వచ్చినా లయ వేగం పెరగదు. కంగారు పెట్టే బాధ్యత గడియారానిది, సంగీతానిది కాదు. గంటకు 293 కిలోమీటర్ల వేగంలోనూ చేతులు వదులుగా ఉండేది అందుకే.

శబ్దం ఎలా పుట్టిందో చూస్తే దాని నిండుదనం అర్థమవుతుంది. యమహా వైఎం2151 సౌండ్ చిప్‌లో ఎనిమిది ఎఫ్‌ఎం ఛానళ్లు (ఈ ఎఫ్‌ఎం రేడియో కాదు, ఒక తరంగంతో మరోదాన్ని మార్చి స్వరం పుట్టించే పద్ధతి), ఒక్కోదానికి నాలుగు ఆపరేటర్లు, అంటే తరంగాలు పుట్టించే భాగాలు. బేస్ (కింది స్థాయి లోతైన స్వరాలు), కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు), మెలడీ దానివి. డ్రమ్స్ మాత్రం 16 ఛానళ్ల సెగా పీసీఎం అనే మరో చిప్ నుంచి, రికార్డు చేసిన శాంపిళ్లుగా (చిన్న శబ్దపు ముక్కలుగా) వస్తాయి. మ్యాజికల్ సౌండ్ షవర్‌లో లాటిన్ తాళవాద్యాలు అంత గట్టిగా తగిలేది, వాటి మీద గంటల్లాంటి మెలడీ అంత మెరిసేది ఈ పని పంపకం వల్లే.

మూడింట్లో స్ప్లాష్ వేవ్ బేస్ ముందుకు తోస్తూనే ఉంటుంది. దారి బాగా తెలిసినవాళ్లకు అది సరిపోతుంది. కొత్తవాళ్లకు నా సలహా పాసింగ్ బ్రీజ్. దాని నింపాది నడకలో లో గేర్ నుంచి హైకి మారే అదును చిక్కుతుంది, మలుపుల్లో స్టీరింగ్ అతిగా తిప్పడం తగ్గుతుంది. ఆట ముగిశాక పేరు నమోదు చేసే చోట వచ్చే లాస్ట్ వేవ్‌ను తొందరపడి దాటేయకండి. సముద్రపు హోరు మీద నెమ్మదిగా సాగే ఆ చిన్న పాట ఒక్కటే చాలు, కవగుచి పనితనం తెలియడానికి.

లోపం లేకపోలేదు. పొడవాటి మలుపుల్లో టైర్ల కీచు మెలడీని మింగేస్తుంది, ఇంజిన్ రొద కింద బేస్ నలుగుతుంది. చిన్న స్పీకర్లలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. వైర్డ్ హెడ్‌ఫోన్స్ వాడండి. బ్లూటూత్‌లో శబ్దం ఆలస్యంగా చేరుతుంది. టైరు జారుతోందని చెవికి తెలిసేసరికి కారు రోడ్డు అంచు దాటి ఉంటుంది.

ఏ వెర్షన్ అన్నది కూడా ముఖ్యమే. సెగా ఇంటి గేమ్ కన్సోల్ మాస్టర్ సిస్టమ్ మామూలు సౌండ్ చిప్‌లో మూడు స్వరాలు, ఒక నాయిస్ ఛానల్ మాత్రమే కాబట్టి కార్డులు పలచబడ్డాయి. జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే ఇంటి కంప్యూటర్‌కైతే పాటలను విడిగా ఆడియో క్యాసెట్‌లో ఇచ్చారు. సెగా మరో కన్సోల్ మెగా డ్రైవ్‌కు వచ్చిన 1991 నాటి వెర్షన్ స్టెప్ ఆన్ బీట్ అనే కొత్త పాట చేర్చింది. పాట మంచిదే, కానీ మిగతావాటిలో ఆర్కేడ్ డ్రమ్స్ బరువు లేదు. ఇప్పుడు కొనేవాళ్లు ఎం2 సంస్థ నింటెండో స్విచ్ కన్సోల్‌కు చేసిన వెర్షన్ తీసుకోండి. ఆర్కేడ్ శబ్దం చెక్కుచెదరలేదు, అదనపు పాటలూ ఉన్నాయి. వాటి జోలికి వెళ్లేముందు పాత మూడింటినీ ఒక్కోటి గమ్యం దాకా వినండి.