న్యూస్ సైట్ ప్యాకేజీ కొంటున్నారా? బెజవాడ, గుంటూరు వాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

లోకల్ న్యూస్ సైటు నడుపుతున్నవాళ్ళకీ, కొత్తగా పెట్టాలనుకుంటున్నవాళ్ళకీ ఈ పోస్టు. వెబ్‌సైటు, యూట్యూబ్, ఫేస్‌బుక్, వాట్సాప్ అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ అంటూ బెజవాడ నుంచి ఫోన్లు వస్తున్నాయి కదా, అలాంటి ఒక సంస్థకి మేం లక్షా పాతిక వేలు కట్టాం. పేరు రాయను, లాయరు గారు వద్దన్నారు. కానీ వాళ్ళు అమ్మే పద్ధతి మాత్రం దాచకుండా రాస్తాను, ఎందుకంటే అదే కొటేషన్ నరసరావుపేటలో సైటు నడిపే ఒక అన్నకి కూడా వచ్చింది, పైన సైటు పేరు ఒక్కటే మార్చారు, లోపల అక్షరం తేడా లేదు.

మాది గుంటూరు. మా సైటుకి వచ్చేవాళ్ళలో సగానికి పైగా మిర్చి యార్డు రేట్ల కోసమే వస్తారు. పొద్దున ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయి, తేజ రకం ఎంత పలికింది, తాలు (రంగు పోయిన నాసిరకం కాయ) ఎంత, వాళ్ళకి కావాల్సింది అంతే. వీడియోలు, లైవ్, సోషల్ మీడియా లేకుండా ఈ రోజుల్లో న్యూస్ సైటు నడవదని ఆ సంస్థ వాళ్ళు చెప్పిన మాటలో అబద్ధం లేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి బెజవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు మనందరం ఫోన్లో వీడియోలే కదా చూసింది. అవసరం నిజమే, అంటగట్టిన సరుకే పనికిరానిది.

కొటేషన్‌లో మొదటి లైను, ఫేస్‌బుక్ ఇన్‌స్టంట్ ఆర్టికల్స్ (మన వార్త ఫేస్‌బుక్ యాప్‌లోనే చప్పున తెరుచుకునే సదుపాయం) సెటప్, పద్దెనిమిది వేలు. 2015లో మొదలైన ఆ సదుపాయాన్ని ఫేస్‌బుక్ 2023 ఏప్రిల్‌లో ఎత్తేసింది. లేనిదానికి సెటప్ ఏంటండీ! ఆ తర్వాత ఏఎంపీ పేజీలు, అంటే ఫోన్లో త్వరగా తెరుచుకునేలా తేలిక చేసిన పేజీలు, అవి లేకపోతే గూగుల్‌లో వెతికినప్పుడు పైన వచ్చే టాప్ స్టోరీస్‌లో మన వార్త రాదట. ఒకప్పుడు నిజమే, కానీ 2021లోనే గూగుల్ ఆ షరతు తీసేసింది. ఇంకోటి గూగుల్ న్యూస్ అప్రూవల్ గ్యారంటీ. 2024 నుంచి మనంతట మనం దరఖాస్తు పెట్టి సైటుని అందులో చేర్పించుకునే పద్ధతే లేదు, ఏ సైటుని చూపించాలో గూగులే ఎంచుకుంటుంది, ఇక వీళ్ళ గ్యారంటీ ఎవరికి కావాలి? చివర్లో వాట్సాప్ ఛానల్ యాక్టివేషన్ చార్జీ అని ఇంకో ఐదు వేలు. వాట్సాప్ ఛానల్స్ మన దేశంలోకి 2023 సెప్టెంబర్‌లో వచ్చాయి, టీ తాగేలోపు ఎవరి ఫోన్లో వాళ్ళు పైసా ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు.

ఇక ఫేస్‌బుక్ పేజీ ఫాలోయర్ల సంగతి. మూడు నెలల్లో ఇరవై వేల మందిని తెస్తామన్నారు, తెచ్చారు కూడా. అంకె చూపించి బ్యాలెన్స్ వసూలు చేసుకున్నారు. ఆ వారమే యార్డు సెలవుల తర్వాత తెరిచారు, రేట్ల పోస్టు పెట్టాం, సీజన్లో జనం ఎగబడే పోస్టు అది. పదకొండు లైకులు వచ్చాయి, అందులో మా ఇంట్లోవాళ్ళవే నాలుగు. పేజీ ఇన్‌సైట్స్‌లో ఫాలోయర్లు ఏ ఊళ్ళవాళ్ళో చూస్తే మొదటి ఐదు పేర్లలో గుంటూరూ లేదు, బెజవాడా లేదు, తెనాలీ లేదు. ఢాకా ఉంది, కరాచీ ఉంది. తేజ రేటుతో కరాచీ ఆయనకి ఏం పని? అడిగితే, అదంతా ఆర్గానిక్ రీచ్ (డబ్బు కట్టకుండా దానంతటదే జనానికి చేరడం) సార్, అల్గారిదం నెమ్మదిగా అర్థం చేసుకుంటుంది అంటాడు ఆ సంస్థ కుర్రాడు. అర్థం చేసుకునేది ఏమీ లేదు, జరిగేది పూర్తిగా రివర్సు. పోస్టు పెట్టగానే చూపించిన కొద్దిమందీ పట్టించుకోకపోతే ఫేస్‌బుక్ దాన్ని మిగతావాళ్ళకి చూపించడం తగ్గించేస్తుంది. అసలే 2018 జనవరి నుంచి వార్తల పేజీల కంటే స్నేహితులు, బంధువుల పోస్టులకే ఎక్కువ చోటిస్తామని చెప్పి మరీ రీచ్ కోసింది, దాని మీద ఈ దొంగ ఫాలోయర్లు కూడా చేరితే ఉన్న నిజమైన పాఠకులకి కూడా మన పోస్టు చేరదు.

సైటు సంగతి చూడండి. హోం పేజీలోనే ఆరు యూట్యూబ్ వీడియోలు ఇరికించారు, పేజీ తెరిస్తే చాలు ఆరూ ఒకేసారి లోడ్ అవుతాయి, పైగా ఒకటి దానంతటదే మొదలవుతుంది. కిందకి వచ్చినప్పుడే లోడ్ అయ్యేలా పెట్టడం చాలా చిన్న పని, అదీ చెయ్యలేదు. యార్డులో కమీషన్ కొట్టు దగ్గర ఒక రైతు ఫోన్లో మా పేజీ తెరుస్తుంటే పక్కనే నిలబడి చూశాను. తెల్లటి స్క్రీన్, తిరిగే చక్రం, తర్వాత హెడ్డింగులు కనిపించాయి. ఆయన రేట్ల లింకు మీద వేలు పెట్టేలోపు పైన ఒక యాడ్ దిగి పేజీ మొత్తం కిందకి జరిగింది, వేలు పోయి ఆ యాడ్ మీద పడింది, ఏదో లోన్ యాప్ తెరుచుకుంది. ఆయన ఫోన్ జేబులో పెట్టుకుని పక్కాయన్ని అడిగాడు రేటెంతని. పేజీలో పెద్ద భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలని, ఇలా జరిగిపోకూడదని గూగులే కొలతలు పెట్టింది, పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మాకు వచ్చిన మార్కులు చెప్పుకోడానికి సిగ్గుపడాల్సింది వాళ్ళు, కానీ పడలేదు.

వార్తల మధ్యలో ఫేస్‌బుక్ పోస్టు కనిపించాల్సిన చోట ఉత్త లింకు కనిపిస్తుంది. 2020 అక్టోబర్ నుంచి దానికి ఫేస్‌బుక్ దగ్గర టోకెన్ (అనుమతి కోడ్) తీసుకోవాలి, వీళ్ళేమో అంతకుముందు కాలం నాటి థీమ్ (సైటు డిజైన్) తెచ్చి తగిలించారు. అన్నిటికంటే మండింది ఏంటంటే, మా వార్త లింకు వాట్సాప్‌లో పంపితే కింద ఫొటోగా వాళ్ళ సంస్థ లోగో, ఫోన్ నంబరు వస్తున్నాయి! మా యార్డు రేట్లు ఊరంతా తిరుగుతుంటే వాళ్ళకి ఫ్రీ యాడ్ అన్నమాట.

యూట్యూబ్ ఛానల్‌లో మా వీడియోలతో పాటు టీవీ ఛానళ్ళ క్లిప్పులు కూడా మాకు చెప్పకుండా ఎక్కించారు, వ్యూస్ కోసమట. ఒక కాపీరైట్ స్ట్రైక్, అంటే పక్కవాళ్ళ వీడియో వాడినందుకు యూట్యూబ్ హెచ్చరిక, పడింది. 90 రోజుల్లో మూడు పడితే ఛానలే పోతుంది, అప్పటిదాకా తెచ్చుకున్న సబ్‌స్క్రైబర్లు కూడా గాల్లో కలిసిపోతారు. అదీ కాక యాడ్స్ మీద డబ్బు రావాలంటే వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణ కావాలి, లేదా షార్ట్స్‌కి 90 రోజుల్లో కోటి వ్యూస్, అయినా పక్కవాళ్ళ క్లిప్పులతో నింపిన ఛానల్‌ని రివ్యూలో తిప్పికొట్టే అవకాశమే ఎక్కువ.

ఇవన్నీ ఒకెత్తు, తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది ఒకెత్తు. డొమైన్ (సైటు అడ్రసు) వాళ్ళ మెయిల్ ఐడీ మీద, యూట్యూబ్ ఛానల్ వాళ్ళ మెయిల్ మీద, ఫేస్‌బుక్ పేజీలో ఫుల్ కంట్రోల్ వాళ్ళ దగ్గర, మాకిచ్చింది పోస్టులు పెట్టుకునే అనుమతి మాత్రమే. సర్వీసు ఆపేస్తామని చెప్పగానే ట్రాన్స్‌ఫర్ చార్జీ నలభై వేలు అన్నారు. అందుకే అడ్వాన్సు ఇచ్చే ముందే అకౌంట్లన్నీ మీ మెయిల్‌తో మీరే తెరిచి, వాళ్ళకి పనికి సరిపడా అనుమతి మాత్రం ఇవ్వండి. యూట్యూబ్ బ్రాండ్ అకౌంట్‌లో (ఒకరికంటే ఎక్కువమంది కలిసి నడిపే ఖాతా) మిమ్మల్ని ఓనర్‌గా చేర్చినా ప్రైమరీ ఓనర్, అంటే అసలు యజమాని, కావడానికి ఏడు రోజులు ఆగాలి, ఆ గడువు దాటి పేరు మారాకే ఆఖరి వాయిదా ఇవ్వండి. వాళ్ళు గొప్పగా చూపించే పాత క్లయింట్ల ఫేస్‌బుక్ పేజీల్లో పేజ్ ట్రాన్స్‌పరెన్సీ అనే భాగం తెరిస్తే పాత పేర్లు, అడ్మిన్లు ఏ దేశంలో ఉన్నారో కనిపిస్తాయి. మాకు చూపించిన పేజీల్లో ఒకటి అంతకుముందు వంటల పేజీ. బిల్లు మీద జీఎస్టీ నంబరు 37తో మొదలైతే ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్, దాన్ని పోర్టల్‌లో కొట్టి చూస్తే అసలు ఉందో లేదో, రద్దయిందో తెలుస్తుంది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేశాం, నోటీసు కూడా వెళ్ళింది. వ్యాపారం కోసం కొన్నది కాబట్టి వినియోగదారుల కమిషన్‌లో కేసు నిలబడదని అవతలి వాదన, సొంత బతుకుతెరువు కోసం స్వయంగా నడుపుకునేదైతే చట్టంలో మినహాయింపు ఉందని మా లాయరు గారి మాట. చూడాలి.

డొమైన్ తిరిగి వచ్చింది, ఫేస్‌బుక్ పేజీ రాలేదు. ఆ పేజీకి పేరు మార్చి ఇప్పుడు అమరావతి ప్లాట్ల యాడ్స్ వేస్తున్నారు, పాత పోస్టుల్లో మాత్రం మా సైటు పేరు, మా ఫొటోలు అలాగే ఉన్నాయి. దాన్ని చూపించి రిపోర్టర్ కార్డు ఇస్తామనో, యాడ్ వేస్తామనో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి, ఆ పేజీకీ మాకూ సంబంధం లేదు.