గోడ మీద పూల దుప్పటి: ఆబ్రీషియానా, నాచుపూలా?

సంక్రాంతి వెళ్లిందంటే చాలు, ఎవరో ఒకరు ఫోన్లో ఫొటో చూపిస్తారు. రాతి గోడ మీంచి ఊదారంగు పూలు జారుతూ ఉంటాయి. "ఇది మన వైపు వస్తుందాండీ?" అని అడుగుతారు. ఆ మొక్క ఆబ్రీషియా. ముచ్చటపడి నేనూ వేశాను కాబట్టి చూసిందే చెబుతాను.

ఇది ఆవాల కుటుంబం మొక్క, పువ్వుకి నాలుగే రేకులు. పుట్టిల్లు గ్రీసు, టర్కీ వైపు కొండలు. ఎండ, సున్నం, నీళ్లు నిలవని రాళ్ల సందు ఉంటే జానెడు ఎత్తులోనే చాపలా పరుచుకుంటుంది. మన పాత సున్నపు గోడలు చూస్తే దీనికోసమే కట్టినట్టుంటాయి. అక్కడే మోసపోతాం.

అసలు చిక్కు కాలంతో. విత్తనం వేస్తే మొదటి ఏడాది సరిగా పూయదు. ఒక చలికాలం బాగా తగిలాక, రెండో వసంతంలో పూస్తుంది. మన దగ్గర ఆ చలే లేదు. పైగా ఆ రెండో వసంతం రావాలంటే ముందు రోహిణి కార్తె దాటాలి, తర్వాత ముసురు దాటాలి. కార్తీకంలో నేను వేసిన మొక్కలు మాఘం దాకా పచ్చగా, ముద్దుగా ఉన్నాయి. మేలో ఆకు మాడింది. జూన్‌లో వారం రోజులు వాన పట్టాక చాప ఎత్తి చూస్తే, అడుగున కాడలు తడిసిన కొబ్బరి పీచులా చేతికి ఊడి వచ్చాయి. ఒక్క పువ్వూ చూడలేదు. ఎండకంటే, రాత్రి కూడా ఆరని ఆ వెచ్చని తడే దాన్ని చంపింది.

నాచుపూలు, అదే గడ్డిగులాబీలు, దక్షిణ అమెరికావి. నీళ్లు ఆకుల్లో, కాడల్లో దాచుకుంటాయి కనుక మే ఎండకి వాటికి పండగే. నాలుగు వేళ్ల ముక్క గుచ్చితే చాలు. బంకమట్టి మాత్రం వద్దు. సగం ఇసుక, ఇటుక ముక్కలు, కాస్త మాగిన గెత్తం కలిపి గోడ సందులో కూరండి. లోపం లేదనను. ఎండెక్కితే విచ్చుకుని మధ్యాహ్నం దాటాక ముడుచుకుంటాయి, సాయంత్రం ఇంటికొచ్చేవాళ్లకి పువ్వు కనబడదు. ముసురుకి ఇవీ కుళ్లుతాయి, కానీ చూరు కింద కుండీలో పది ముక్కలు దాచుకుంటే మళ్లీ గోడంతా నింపుకోవచ్చు. ఆబ్రీషియాతో ఆ అవకాశం లేదు.

పసుపు పూల వెడీలియా కూడా అడుగుతారు. వస్తుంది, కానీ కాలవ గట్టు దాకా పాకి మిగతావాటిని మింగేస్తుంది. నేను వేయను.

నాచుపూలు వేయాలనుకుంటే శివరాత్రి వెళ్లాక కడియం నర్సరీల్లో రెండు మూడు రంగులు తెచ్చుకుని ముక్కలు గుచ్చండి. మొదటి వారం రోజూ తడపండి, తర్వాత మట్టి ఎండితేనే నీళ్లు పోయండి.