"సీనియర్ ప్యాకేజీ" ఆయనతో జాగ్రత్త: మెడికేర్ పోయింది, ప్రాపర్టీ ట్యాక్స్ రిఫండూ పోయింది

నిన్న సాయంత్రం ఆ "సీనియర్ ప్యాకేజీ" ఆయన ఆఫీసుకు వెళ్లి వచ్చాక నాకు అన్నం కూడా సయించలేదు. రాత్రంతా దొర్లి దొర్లి, నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

న్యూజెర్సీలో ఎడిసన్, ఐసెలిన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు ఈయన గురించి చెప్పక్కర్లేదు. సీనియర్లకు ఉచిత సదస్సు అని పెట్టి, ఇడ్లీ వడ పెట్టి, చివర్లో క్లిప్‌బోర్డు తిప్పుతాడే, ఆయనే. పేరు రాయను, రాస్తే లాయరు నోటీసు పంపే రకం. మెడికేర్, ట్యాక్స్ రిఫండు కాగితాలన్నీ తనే చూస్తానంటూ "350 డాలర్లకు సీనియర్ ప్యాకేజీ" అమ్మేది అంటే ఎవరో మీకే అర్థమవుతుంది.

నా సంగతి గబగబా చెప్పేస్తాను. 2024 మార్చిలో 65 నిండాయి. అప్పటికి ఉద్యోగంలోనే ఉన్నాను, కంపెనీ ఇన్సూరెన్స్ ఉంది, 65 దాటినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే ఇన్సూరెన్స్, అదే మెడికేర్, దానికి తొందరేం లేదనుకున్నాను. అంతవరకూ కరెక్టే. జూన్ నెలాఖరుకు ఉద్యోగం పోయింది. కోబ్రా తీసుకున్నాను. అంటే పాత కంపెనీ ఇన్సూరెన్సే, కంపెనీ వంతు ప్రీమియం కూడా మనమే కట్టుకుని 18 నెలలు కొనసాగించుకోవడం. జూలైలో ఈయన సదస్సుకు వెళ్లాను. ఊరేదని అడిగాడు. తెనాలి అన్నాను. "అయ్యో అంకుల్, మా అమ్మమ్మగారిది కొల్లిపర!" అన్నాడు. అంతే, నేను పడిపోయాను. కొల్లిపర అనగానే చెక్కుబుక్కు తీసే మనిషికి ఏం చెప్పాలి!

మెడికేర్‌లో డాక్టర్ల ఖర్చులు చూసే పార్ట్ బీ గురించి నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. "కోబ్రా ఉంది కదా, మెడికేర్ పార్ట్ బీ ఇప్పుడే తీసుకోవాలా?" అని. "అవసరమే లేదంకుల్, కోబ్రా కూడా కంపెనీ ఇన్సూరెన్సే కదా. 2025 డిసెంబరుకు అయిపోతుంది, అప్పుడు నేనే ఎన్‌రోల్ చేయిస్తా. ఊరికే నెల నెలా ప్రీమియం ఎందుకు దండగ" అన్నాడు. ఆ "దండగ" అన్న మాట నాకు బాగా నచ్చింది. మనవాళ్లం కదా.

పాతికేళ్లకు పైగా ఇన్సూరెన్స్ కంపెనీలకు కోడు రాసినవాణ్ణి నేను. ఎలిజిబిలిటీ రూల్సే నా పని. ఊళ్లోవాళ్లందరి తేదీలూ లెక్కపెట్టి, నా తేదీలు మాత్రం ఇంకొకడి చేతిలో పెట్టాను.

2025 సెప్టెంబరులో కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. అక్టోబరులో ఇన్సూరెన్స్ నుంచి ఉత్తరం వచ్చింది. మీకు 65 దాటాయి, మెడికేర్‌కు అర్హులు, అది ముందు కట్టాల్సింది, దాని తర్వాత మిగిలేదే మా వంతు, అని దాని సారాంశం. మెడికేర్ కట్టాల్సిన భాగం, మూడు వేల పైచిలుకు డాలర్లు, నా మీద పడింది. ఈయనకు ఫోన్ చేస్తే, "అలాంటి లెటర్లు రొటీన్‌గా వస్తుంటాయంకుల్, పక్కన పడేయండి" అన్నాడు. పక్కన పడేశాను కూడా. మా ఆవిడే పోరగా పోరగా పోయిన వారం, మెడికేర్ నమోదు చూసే సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో అపాయింట్‌మెంట్ తీసుకున్నాను.

అక్కడ కిటికీ వెనకాల ఉన్నావిడ చాలా ఓపికమంతురాలు. ఉద్యోగం ఎప్పుడు ముగిసిందని అడిగింది. జూన్ 2024 అన్నాను. వేళ్ల మీద లెక్కపెట్టింది, జూలై, ఆగస్టు, సెప్టెంబరు, అలా. ఎనిమిదో వేలు దగ్గర ఆగి, పసుపు చీటీ మీద "ఫిబ్రవరి 2025" అని రాసి నా వైపు జరిపింది. ఉద్యోగం గానీ ఆ ఉద్యోగం మీద వచ్చే ఇన్సూరెన్స్ గానీ, ఏది ముందు పోతే దాని తర్వాత ఎనిమిది నెలలే గడువట. కోబ్రా ఉన్నా ఆ గడియారం ఆగదు. కోబ్రా అంటే ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం మీద వచ్చే ఇన్సూరెన్స్ కాదు కాబట్టి అది లెక్కలోకే రాదు.

"ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ డిసెంబరు 7 దాకా ఉంది కదండీ, టీవీలో రోజంతా అదే చెబుతున్నారు" అన్నాను. అది ఇప్పటికే మెడికేర్ ఉన్నవాళ్లు ప్లాన్లు మార్చుకోవడానికట. నాలాంటి వాళ్లకు జనవరి 1 నుంచి మార్చి 31 వరకూ వచ్చే జనరల్ ఎన్‌రోల్‌మెంటే గతి. జనవరిలో అప్లై చేస్తే ఫిబ్రవరి 1 నుంచి పార్ట్ బీ మొదలవుతుంది. కోబ్రా డిసెంబరు 31తో సరి. అంటే జనవరి నెలంతా డాక్టరు గుమ్మం తొక్కకుండా, దగ్గు కూడా రాకుండా ఉండాలన్నమాట. అదీ కాక పెనాల్టీ. ఆలస్యమైన ప్రతి పూర్తి పన్నెండు నెలలకూ పది శాతం. నాకు ఒక పది శాతం పడుతుంది. 2026లో పార్ట్ బీ ప్రీమియం నెలకు 202.90 డాలర్లు, దాని మీద ఇంకో ఇరవై. ఏదో ఒక ఏడాదితో పోయేది కాదు, పార్ట్ బీ ఉన్నంతకాలం, ప్రీమియం పెరిగినప్పుడల్లా అదీ పెరుగుతూ. నలభై క్వార్టర్లు, అంటే పదేళ్లు, పని చేశాను కాబట్టి ఆసుపత్రి ఖర్చులు చూసే పార్ట్ ఏ మాత్రం ఉచితంగానే ఇస్తారు. దానికైనా సంతోషించాలి కాబోలు.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో అనుమానం పట్టుకుంది. మెడికేర్ ఇలా అయితే, ట్యాక్స్ రిఫండు మాట ఏంటి?

న్యూజెర్సీలో ఇప్పుడు 65 దాటినవాళ్లకు ఇంటి పన్నులో కొంత వెనక్కిచ్చే పథకాలు యాంకర్, సీనియర్ ఫ్రీజ్, స్టే ఎన్‌జే మూడింటికీ కలిపి పీఏఎస్-1 అని ఒకటే అప్లికేషన్. 2024 సంవత్సరానికి గడువు 2025 అక్టోబరు 31. నేను మార్చిలోనే అన్నీ ఇచ్చేశాను, ట్యాక్స్ బిల్లులు, ఆదాయం కాగితాలు, సంతకం పెట్టిన ఫారం, కవరు మీద నా చేత్తో అడ్రసు. ఆన్‌లైన్లో చేద్దామంటే "పేపరే సేఫ్ అంకుల్, నేను రిజిస్టర్డ్‌లో పంపిస్తా" అన్నాడు. ఏప్రిల్‌లో ఫోన్ చేసి "ఫైల్ అయిపోయిందంకుల్, హాయిగా ఉండండి" అని కూడా చెప్పాడు. నేను హాయిగానే ఉన్నాను.

రాష్ట్రం వెబ్‌సైట్లో స్టేటస్ చూస్తే నా పేరు మీద అప్లికేషనే లేదు.

నిన్న ఆఫీసుకు వెళ్లాను. మిఠాయి కొట్టు పైన, మీకు తెలుసుగా. అరగంట కూర్చోబెట్టాడు. లోపలికి పిలిచాక, ఫైలు కోసమని బల్ల సొరుగు లాగాడు. అందులో పై నుంచి మూడోదో నాలుగోదో, నా కవరు. నా రాత నాకు తెలియదా! ట్రెంటన్ అడ్రసు, పైన నేనే అంటించిన స్టాంపులు, వాటి మీద ముద్ర లేదు. ఓ మూలన టీ కప్పు పెట్టిన గుండ్రటి మరక. మార్చి నుంచి నవంబరు దాకా అది ఆ సొరుగులోనే ఉంది.

నేను దాని వైపు వేలు చూపించాను. నోట మాట రాలేదు. ఆయన చూశాడు. ఒక్క క్షణం కూడా తడబడలేదండీ, అదే నాకు ఇప్పటికీ మింగుడు పడటంలేదు. కవరు తీసి నా చేతిలో పెట్టి, "ఓ, ఇది ఇక్కడే ఉండిపోయిందా, మా అమ్మాయి మిస్ చేసినట్టుంది" అన్నాడు. మరి ఏప్రిల్‌లో ఫైల్ అయిందన్నది దేన్ని నాయనా అని అడిగాను. మెడికేర్ సంగతీ అడిగాను. అప్పుడు కుర్చీలో వెనక్కి వాలి అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"అంకుల్, మీరు చదువుకున్నవారే కదా. ఇంత ముఖ్యమైన విషయం ఒకసారి గూగుల్ చేసుకోవాల్సింది."

తర్వాత నేను సంతకం పెట్టిన కాగితం తీసి, అడుగున చీమ తలకాయంత అక్షరాలు చూపించాడు. గడువులు సరిచూసుకునే బాధ్యత కస్టమర్‌దేనట. కళ్లద్దాలు పెట్టుకున్నా కనపడలేదు, ఫోన్లో ఫొటో తీసి పెద్దది చేసుకుని చదివాను. ఆపరేషన్ అయిన కంటితో. 350 వెనక్కి ఇవ్వమంటే "సర్వీసు ఇచ్చాం కదంకుల్" అన్నాడు. బయటికి వస్తుంటే ముందు గదిలో అమ్మాయి, "ఇవాళ్టి కన్సల్టేషన్‌కి యాభై" అంది. ఆ పిల్లను ఏమనను, చెప్పమన్నది చెప్పింది. ఇవ్వలేదు లెండి, అదొక్కటే నేను చేసిన తెలివైన పని.

నాకెంత పోయిందో చెబుతాను. మా ఇంటి పన్ను ఏడాదికి 11,200. నా ఆదాయంలో ఇల్లున్న సీనియర్‌కు 2024 సంవత్సరానికి యాంకర్ కింద 1,750 వచ్చేది. దాంతో కలిపి స్టే ఎన్‌జే పన్నులో సగం దాకా సర్దేది, ఆ ఏడాదికి పరిమితి 6,500. అంటే 5,600 డాలర్లు. ఇంకో తమాషా. "సీనియర్ ఫ్రీజ్ కూడా ఇప్పిస్తా" అని ఊరించాడు. దానికి 2023 డిసెంబరు 31 నాటికే 65 నిండి ఉండాలి. నాకు నిండలేదు. ఆ సంగతి ఫారం వెంట వచ్చే సూచనల్లోనే ఉంది. రాత్రి చదివాను. ఎనిమిది నెలలు ఆలస్యంగా. మార్చిలో మా ఆవిడ "మనమే ఆన్‌లైన్లో చేసుకోలేమా" అంటే, "నీకెందుకు టెన్షన్, ఆయన చూసుకుంటాడు" అన్నది నేనే. నిన్నటి నుంచి ఆవిడ ఆ మాట ఎత్తడం లేదు. ఎత్తినా బాగుండేది.

ఆ కవరును ఇవాళ పొద్దున ఒక ఉత్తరం జతచేసి పోస్టు చేశాను. ఆశేం లేదు.

మీకు చెప్పాల్సింది కొంచెమే. పీఏఎస్-1కు పైసా కట్టక్కర్లేదు, ఆన్‌లైన్లో చేసుకుంటే అందినట్టు నంబరు వస్తుంది, దాచుకోండి. 65 దాటాక ఉద్యోగం పోతే కోబ్రాను చూసుకుని ధీమాగా ఉండకండి. ఎనిమిది నెలల్లోపు పార్ట్ బీకి వెళ్లండి, ఉద్యోగం, ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉన్నాయో చూపించే ఎల్564 ఫారం పాత కంపెనీ హెచ్ఆర్ చేత నింపించుకోండి. సందేహముంటే షిప్ అని ప్రభుత్వ కౌన్సెలర్లున్నారు, ఉచితం, ఏ ప్లానూ అమ్మరు. ఇడ్లీ పెట్టరు, అంతే తేడా.

ఇంకోటి, గ్రీన్ కార్డు మీద అమ్మానాన్నల్ని తెచ్చుకున్నవాళ్లకు. 65 రాగానే మెడికేర్ అంతా ఉచితం అని ఈయన మా స్నేహితుడికి కూడా చెప్పాడట. ఇక్కడ పని చేసి ఉండకపోతే, వరసగా అయిదేళ్లు ఇక్కడే ఉన్నాకే అర్హత. అప్పుడైనా క్వార్టర్లు లేవు కాబట్టి పార్ట్ ఏ కొనుక్కోవాలి, 2026లో నెలకు 565 డాలర్ల దాకా. కొడుకు కట్టిన ట్యాక్సులు నాన్న ఖాతాలో పడవు.

వచ్చే ఆదివారం మళ్లీ సదస్సట. ఇందాకే నాకూ మెసేజ్ వచ్చింది, "అంకుల్, ఈసారి ఆంటీని కూడా తీసుకురండి" అని.