రంగుల్లో చూసిన మోగ్లీ

కిచ్చీ ఎర్రగా ఉంటుందని నాకు 2020 దాకా తెలీదు.

1993లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున్న 'జంగిల్ బుక్' వచ్చేటప్పుడు రాజమండ్రిలో మేం అద్దెకుండేవాళ్లం. ఇంటివాళ్లకు పద్నాలుగు అంగుళాల బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. వాళ్ల హాల్లో గచ్చు మీద పదిమంది పిల్లలం కూర్చునేవాళ్లం. అడవిలో తోడేళ్లు పెంచిన పిల్లాడు మోగ్లీ వెంట తిరిగే ఆ బుజ్జి జంతువు నా కళ్లకు బూడిదరంగు కుక్కపిల్లే. ఇరవై ఏడేళ్ల తర్వాత లాక్‌డౌన్‌లో అదే సీరియల్ డీడీ నేషనల్‌లో మళ్లీ వేస్తే, మా ఇంటి టీవీలో కిచ్చీ ఇటుకరంగు ఒళ్లుతో గెంతుతూ వచ్చింది. అది ఎర్రపాండా. నేను చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయాను. "ఏమైందమ్మా?" అంది మా అమ్మాయి. దానికప్పుడు ఏడేళ్లు.

అప్పటినుంచి ఇప్పటిదాకా, అంటే ఐదేళ్లకు పైగా, పాత కార్టూన్లు మా ఇంట్లో ఆగలేదు. పిల్లలకు చూపించాలా వద్దా అని అడిగేవాళ్లకు మా అనుభవం పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు మోగ్లీ సంగతి. 2020 మార్చి 28న రామాయణం మళ్లీ మొదలైంది, ఏప్రిల్ 8 నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకు జంగిల్ బుక్. ఇది జపాన్‌లో నిప్పన్ యానిమేషన్ వాళ్లు 1989-90లో తీసిన 52 ఎపిసోడ్ల సీరియల్. మన దగ్గర హిందీ డబ్బింగ్‌తో వచ్చింది. టైటిల్ పాట గుల్జార్ రాశారు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు. షేర్‌ఖాన్‌కు గొంతు ఇచ్చింది నానా పటేకర్. ఆ గొంతు గురించి ఒక్క మాట చెప్పాలి. చిన్నప్పుడు నాకు ఆ మాటలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు, అయినా పులి నోరు విప్పితే పక్కనున్నవాళ్ల చెయ్యి పట్టుకునేదాన్ని. మా అమ్మాయీ అంతే. అన్నం ముద్ద నోటిదాకా వచ్చి గాల్లో ఆగిపోయేది. పప్పు వేళ్లకు ఎండిపోయేది, పులి వెళ్లిపోయాకే ముద్ద లోపలికి.

మొదటి మూడు రోజులు మాత్రం దానికి నచ్చలేదు. "కథ ఎప్పుడు మొదలవుతుందమ్మా?" అని విసుక్కుంది. ఫోన్‌లో నిమిషానికో వీడియో చూసే పిల్లకు, రెండు తోడేళ్లు రాయి మీద కూర్చుని మాట్లాడుకుంటుంటే ఎలా నచ్చుతుంది? నేనేమీ బతిమాలలేదు. టీవీ పెట్టి అన్నం కలిపి కూర్చునేదాన్ని, అంతే. నాలుగో రోజు అదే ఒంటిగంటకు ఐదు నిమిషాల ముందు వచ్చి రిమోట్ పట్టుకుంది. ఈ సీరియల్ నెమ్మది అన్నది నిజమే, కొన్నిచోట్ల మరీ సాగదీశారన్నదీ నిజమే. కానీ ఎండ పడ్డ అడవిని, చెట్ల మధ్య నీడల్ని తీరిగ్గా చూపిస్తారు. ఆ తీరికకు పిల్ల అలవాటుపడ్డాక, అడవి గురించి ప్రశ్నలు మొదలుపెట్టింది.

ఇక అసలు చిక్కు, హిందీ. 1993లో మాకు దుబాసీ మా అక్క. దక్షిణ భారత హిందీ ప్రచార సభ వాళ్ల ప్రాథమిక, మధ్యమ పరీక్షలు పాసైంది కాబట్టి ఆ హాల్లో అదే పండితురాలు. నల్లచిరుత బగీరా ఒక మాట అంటే అక్క నాలుగు మాటలు చెప్పేది. సగం అనువాదం, సగం సొంత కవిత్వం అని తర్వాత తెలిసింది. తెర మీద ఏరు కనిపిస్తే "ఇది మన గోదావరే, పైనెక్కడో" అనేది. మేం నమ్మేవాళ్లం.

2020లో మా అమ్మాయికి హిందీ అక్షరం ముక్క రాదు, నాదీ అంతంతమాత్రమే. మొదటివారం నాకు తెలిసినంత చెప్పాను. తర్వాత అది నన్ను వదిలేసి, కాకినాడలో ఉన్న మా అక్కకు వీడియో కాల్ చేయడం మొదలుపెట్టింది. "దొడ్డమ్మా, ఆ తోడేళ్ల నాయకుడు అకేలా ఏమన్నాడు?" అక్క అక్కడ తన టీవీ ముందు, ఇది ఇక్కడ. మా దగ్గర బొమ్మ ముందు, వాళ్ల దగ్గర రెండు సెకన్లు వెనక. ఫోన్‌లోంచి అక్క గొంతు, టీవీలోంచి నానా పటేకర్ గొంతు. ఆ రోజుల్లో ఊరంతా తలుపులు వేసుకుని టెన్షన్‌తో ఉంటే, మా ఇంట్లో ఆ అరగంట మాత్రం అలా గడిచేది.

గోదావరి కథ కూడా ఆ రోజుల్లోనే తేలింది. మూలకథ రాసిన కిప్లింగ్ బొంబాయిలో పుట్టినా, పుస్తకం రాసింది అమెరికాలోని వెర్మాంట్‌లో. 1894లో అచ్చయింది. కథ జరిగేది సివనీ కొండల్లో, అంటే ఇప్పటి మధ్యప్రదేశ్‌లో. అక్కడి నది పేరు వైన్‌గంగ. మా అమ్మాయి అట్లాస్‌లో వైన్‌గంగ మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ వచ్చింది. వైన్‌గంగ వార్ధాతో కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. వేలు భద్రాచలం దాటి రాజమండ్రి దగ్గర ఆగింది. వెంటనే ఫోన్ తీసి, "దొడ్డమ్మా, నువ్వు అమ్మకు చెప్పింది నిజమే!" అని అరిచింది. అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నేను ఊరికే అన్నానే అప్పుడు" అంది చివరికి.

అయితే కార్టూన్ చెప్పేదంతా నిజమనుకోకూడదు. మన దేశంలో ఎర్రపాండాలు ఉండేది తూర్పు హిమాలయాల్లో. సివనీ అడవిలో కిచ్చీ ఉండే అవకాశం లేదు. అది జపాన్ వాళ్లు ముద్దుగా చేర్చుకున్న పాత్ర. ఈ సంగతి చెప్తే మా అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది, కానీ చెప్పకుండా ఉండలేకపోయాను.

మోగ్లీ కొత్త రూపం కూడా చూశాం. హైదరాబాద్‌లోని డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ చేసిన త్రీడీ సిరీస్. మన దగ్గర తయారైన బొమ్మలు దేశదేశాల్లో ఆడాయంటే నాకు గర్వమే. చిన్న చిన్న కథలు, బోలెడంత సరదా, నాలుగైదేళ్ల పిల్లలకు అదే సరిపోతుంది. కానీ అందులో షేర్‌ఖాన్‌ను చూసి మా అమ్మాయి ఒక్కసారి కూడా ముద్ద ఆపలేదు. పాత మోగ్లీకి ఆకలి ఉంది, దెబ్బలు తగులుతాయి, తను మనిషా తోడేలా అన్న బాధ ఉంది. ఆ బాధ చూసే అది ఒకరోజు "వాడికి సొంత అమ్మ ఎక్కడుంది?" అని రాత్రి పడుకోబోయేముందు అడిగింది. కాబట్టి ఆరేళ్లలోపు పిల్లలకు పాతది ఒంటరిగా పెట్టి వెళ్లకండి.

తర్వాత టామ్ అండ్ జెర్రీ. దానికి భాష గొడవే లేదు. 1940లో హన్నా, బార్బెరా మొదలుపెట్టిన బొమ్మలకు ఇప్పటికీ మా అమ్మ కళ్లు తుడుచుకునేంత నవ్వుతుంది. మా అమ్మాయి మాత్రం కొన్నాళ్లకే రెండు రకాలుగా విడదీసింది, "మంచి పిల్లి, గుహ పిల్లి" అని. గుహ పిల్లి అంటే ఏమిటా అని చూస్తే, 1961-62లో ప్రాగ్‌లో జీన్ డైచ్ తీసిన 13 కథలు. శబ్దాలు నిజంగానే గుహలో మోగినట్టు ఉంటాయి, బొమ్మల కదలికా వేరు. ఎవరూ చెప్పకుండానే ఎనిమిదేళ్ల పిల్ల చెవి పట్టేసింది. హన్నా-బార్బెరా వాటిలో స్కాట్ బ్రాడ్లీ సంగీతం పిల్లి అడుగు అడుగునా పలుకుతుంది, అది పోయిందని దానికి తెలిసిపోయింది.

పాత టామ్ కథల్లో ఒక ముల్లు కూడా ఉంది. ఇంట్లో పనిచేసే నల్లజాతి ఆవిడకు ఎక్కువగా కాళ్లే కనిపిస్తాయి. "ఆవిడ మొహం ఎందుకు చూపించరు?" అని అడిగింది. అప్పటి అమెరికాలో నల్లవాళ్లను చూసిన చూపు అది, తప్పు చూపు అని చెప్పాను. పక్కన లేకపోతే ఆ ప్రశ్న ఎవర్ని అడిగేది?

జంగిల్ బుక్ దూరదర్శన్ తెలుగు చానళ్లు సప్తగిరిలో, యాదగిరిలో తెలుగులో వస్తే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. ఎక్కువమంది పిల్లలకు అందుతుంది, రావాలి కూడా. కానీ మా ఇంటి వరకు నిజం చెప్పాలంటే, అర్థం కాకపోవడం వల్లే మేం ముగ్గురం కలిసి కూర్చున్నాం. తెలుగులో వచ్చే కార్టూన్లు మా అమ్మాయి ఒక్కతే చూసుకుంటుంది, నేను వంటింట్లో ఉంటాను. మోగ్లీకి మాత్రం మనిషి కావాలి. మీకూ హిందీ రాకపోతే భయపడకండి, తెలిసినంత చెప్పండి, మిగతాది పిల్లలు బొమ్మ చూసి కల్పించుకుంటారు.

ఇప్పుడు మా అమ్మాయికి పన్నెండేళ్లు. మా తమ్ముడి కొడుక్కి ఐదు. పోయిన వేసవిలో వాడికి కొన్ని ఎపిసోడ్లు చూపించాం. వాడికి కిచ్చీ మొదటిరోజు నుంచీ ఎర్రదే. మా అమ్మాయి వాడి పక్కన కూర్చుని తెలుగులో చెప్తూనే ఉంది, బగీరా ఒక మాట అంటే నాలుగు మాటలు. తెర మీద ఏరు వచ్చినప్పుడు దాని వేలు కిటికీ వైపు, గోదావరి వైపు చూపించింది.