పంక్ రాక్ అనే పేరు మొదట ఎవరిది? ‘నగ్గెట్స్’ జంట రికార్డు సమీక్ష

మోటుగా, హోరుగా వాయించే పంక్ రాక్ సంగీతం అనగానే 1976 నాటి న్యూయార్క్, లండన్ బృందాలు గుర్తుకు వస్తాయి. అంతకు నాలుగేళ్ల ముందే ఆ మాట ఒక రికార్డు అట్ట లోపలి వ్యాసంలో అచ్చయింది. అదీ కొత్తవాళ్ల గురించి కాదు, జనం అప్పటికే మరిచిపోయిన కుర్రకారు బృందాల గురించి. 1972లో ఎలెక్ట్రా రికార్డు సంస్థ విడుదల చేసిన ఆ సంకలనం పేరు ‘నగ్గెట్స్: ఒరిజినల్ ఆర్టిఫ్యాక్ట్స్ ఫ్రమ్ ద ఫస్ట్ సైకెడెలిక్ ఎరా, 1965–1968’. సైకెడెలిక్ అంటే మత్తులో కలిగే భ్రమల్ని తలపించే సంగీతం. రెండు ఎల్పీల్లో 27 పాటలున్నాయి. వాటిని ఏరి కూర్చి, వ్యాసం కూడా రాసినవాడు లెన్నీ కే. ఆ తరవాత గాయని ప్యాటీ స్మిత్ బృందంలో గిటారు వాయించినదీ ఈయనే.

ఈ పేరు తన సృష్టి అని కే ఎక్కడా చెప్పుకోలేదు. అనధికారికంగా వాడుకలోకి వచ్చిన మాటగానే పరిచయం చేశాడు. అది నిజాయితీ గల మాటే. షేక్స్పియర్ కాలంలో వేశ్య అనే అర్థమున్న ‘పంక్’, ఇరవయ్యో శతాబ్దపు అమెరికాలో పోకిరీకి, పనికిమాలినవాడికి తిట్టుగా మారింది. 1970 మార్చిలో చికాగో ట్రిబ్యూన్ పత్రికలో కవి, గాయకుడు ఎడ్ శాండర్స్ తన ఆల్బమ్ గురించి చెబుతూ ‘పంక్ రాక్’ అన్నాడు. 1971 మేలో క్రీమ్ అనే రాక్ సంగీత పత్రికలో విమర్శకుడు డేవ్ మార్ష్ ‘క్వశ్చన్ మార్క్ అండ్ ద మిస్టీరియన్స్’ బృందాన్ని మెచ్చుకోవడానికి అదే మాట వాడాడు. తిట్టు కాస్తా కితాబు కావడం విమర్శకుల చేతి చలవే. ఇంతా చేసి, ఆ బృందానికి పేరు తెచ్చిన ‘96 టియర్స్’ ఈ 27 పాటల్లో లేకపోవడం నాకు పెద్ద వెలితిగానే తోచింది.

పేరు ఎందుకు అతికిందో తెలియాలంటే కౌంట్ ఫైవ్ బృందం పాడిన ‘సైకోటిక్ రియాక్షన్’ వినాలి. బరబరలాడే గిటారుతో ఒక నడకలో సాగుతున్న పాట మధ్యలో ఉన్నట్టుండి పరుగు అందుకుంటుంది, కాసేపటికి ఏమీ జరగనట్టు మళ్లీ పాత నడకకే వచ్చేస్తుంది. బార్బేరియన్స్ బృందం పాట ‘మౌల్టీ’ ఇంకా విచిత్రం: ఎడమచేయి పోయి దాని స్థానంలో కొక్కెం తగిలించుకున్న డ్రమ్మరు తన కథను పాడకుండా మాటల్లోనే చెబుతుంటే, మిగతావాళ్లు అతని పేరును కేకలు పెడుతుంటారు. నేర్పు కంటే తెగింపు ముందు నడిచే ఇలాంటి చోట్ల ‘పంక్’ అన్న మాట చక్కగా ఒదుగుతుంది.

అన్నిచోట్లా ఒదగదు. నిర్మాత గ్యారీ అషర్ స్టూడియోలో నగిషీ చెక్కినట్టు మలిచిన, గ్లెన్ క్యాంప్‌బెల్ గొంతుతో వినిపించే ‘మై వరల్డ్ ఫెల్ డౌన్’ను ఏ లెక్కన పోకిరీ సంగీతం అనాలి? అట్ట మీద ‘సైకెడెలిక్’, లోపల ‘పంక్’ అని రెండు పేర్లు పెట్టుకున్న సంకలనం ఏ ఒక్కదానికీ పూర్తిగా కట్టుబడదు. దాన్ని లోపమని కొట్టిపారేయలేను. హద్దులు ఇంకా గీయని రోజుల్లో ఒక పేరు ఎంత వదులుగా ఉండేదో ఈ కలగాపులగమే చూపిస్తుంది.

1973 జనవరిలో రోలింగ్ స్టోన్ పత్రికలో ఈ రికార్డును సమీక్షించిన గ్రెగ్ షా కూడా అరవైల నాటి సంగీతాన్నే పంక్ రాక్ అన్నాడు. 1976 జనవరిలో న్యూయార్క్‌లో ‘పంక్’ అనే పత్రికే మొదలై, సీబీజీబీ క్లబ్బులో వాయించే కొత్త బృందాలకు ఆ పేరు స్థిరపడిపోయాక, పాతవాళ్లకు, ఇంటి కారు షెడ్డులో సాధన చేసే కుర్రకారు బృందాలను తలపించే ‘గ్యారేజ్ రాక్’ అనే వేరే పేరు మిగిలింది.

1998లో రైనో రికార్డు సంస్థ ఈ సంకలనాన్ని 118 పాటలతో నాలుగు సీడీల పెట్టెగా పెంచింది. పేరు చరిత్ర కోసం వచ్చేవారికి అంత అవసరం లేదు. పాత 27 పాటలున్న మొదటి సీడీని, కే వ్యాసాన్ని పక్కన పెట్టుకుని వింటే చాలు.